రెండు కార్బురేటర్లను ఒకే తాటి మీదికి తెచ్చే వ్యాక్యూమ్ గేజ్

దేశ రాజధాని ప్రాంతంలోని ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో రాజ్‌దూత్ 350 అనే మోటారు సైకిల్ తయారీ మొదలుపెట్టింది. జపాన్ కంపెనీ యమహా రూపొందించిన ఆర్‌డి 350బి బండికి ఇది లైసెన్సుతో తయారైన భారతీయ రూపం. 347 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. అప్పట్లో మన రోడ్ల మీద తిరిగే బళ్లలో చాలావాటికి ఒకే సిలిండరు, ఒకే కార్బురేటరు ఉండేవి. వాటికి అలవాటుపడ్డ మెకానిక్కుల చేతికి ఒక్కో సిలిండరుకు ఒక్కో కార్బురేటరు ఉన్న బండి వచ్చింది. పదేళ్లు తిరగకుండానే దాని తయారీ ఆగిపోయింది. బళ్లు మాత్రం మిగిలాయి. వాటిని ప్రాణంగా చూసుకునేవారూ మిగిలారు. ఢిల్లీలో పాత బళ్ల విడిభాగాల కోసం తిరిగేవారికి కరోల్‌బాగ్, కశ్మీరీ గేట్ బజార్లు బాగా తెలిసిన చోట్లే.

ఇలాంటి బండితో తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. కిక్ కొడితే స్టార్టవుతుంది గానీ ఐడ్లింగ్‌లో కుదురుగా ఉండదు. తక్కువ వేగంలో కుదుపులు వస్తాయి. చేతిని దగ్గరగా పెట్టి చూస్తే ఒక సైలెన్సర్ నుంచి వచ్చే పొగ తాకిడి బలంగా, రెండోదాని నుంచి బలహీనంగా అనిపిస్తుంది. రెండు ఎడ్లలో ఒకటి కాడిని లాగుతుంటే రెండోది వెనకబడ్డట్టు ఉంటుంది పరిస్థితి. ఇంజన్ లోపల పెద్ద లోపమేదో వచ్చిందని భయపడనక్కర్లేదు. చాలాసార్లు రెండు కార్బురేటర్లు సమానంగా తెరుచుకోకపోవడమే దీనికి కారణం. వాటిని సమానం చేయడాన్నే సింక్రనైజేషన్ అంటారు. కాస్త ఓపిక, సరైన కొలత సాధనం ఉంటే ఇంటి దగ్గరే చేసుకోగల పని ఇది.

ముందుగా కార్బురేటర్ చేసే పని ఏమిటో చూద్దాం. పిస్టన్ కదిలినప్పుడు ఇంజన్‌లో ఖాళీ పెరిగి, అక్కడ పీడనం తగ్గుతుంది. బయట ఉన్న వాతావరణ పీడనం ఎక్కువ కాబట్టి గాలి లోపలికి తోసుకొస్తుంది. ‘ఇంజన్ గాలిని పీల్చుకుంటుంది’ అని మనం అంటాం గానీ, నిజానికి బయటి గాలే దాన్ని లోపలికి నెడుతోంది. పాదరసం నింపిన గొట్టంతో ఇటలీ శాస్త్రవేత్త టోరిసెల్లి 17వ శతాబ్దంలోనే ఈ సంగతి తేల్చాడు. సముద్ర మట్టం దగ్గర ఆ నెట్టుడు బలం సుమారు 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుంది. కార్బురేటర్‌లోని సన్నని మార్గం గుండా గాలి వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం ఇంకా పడిపోతుంది. దాంతో కింది గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకొచ్చి గాలిలో కలుస్తుంది. ఎంత గాలి పోవాలో నిర్ణయించేది స్లైడు, లేదా సీతాకోక చిలుక రెక్కలా తిరిగే చిన్న పలక.

ఆ స్లైడు దాదాపు మూసి ఉన్నప్పుడు కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న గొట్టంలో పీడనం బాగా తగ్గిపోతుంది. వ్యాక్యూమ్ గేజ్ కొలిచేది దీన్నే. కొత్తవారు ఇక్కడే తికమక పడతారు. గేజ్ ముల్లు ఎక్కువ శూన్యం చూపిస్తే ఆ కార్బురేటర్ ఎక్కువ తెరుచుకుందని అనుకుంటారు. వాస్తవం దీనికి తలకిందులు. గాలికి దారి ఎంత ఇరుకైతే శూన్యం అంత ఎక్కువ. ఎక్కువ శూన్యం చూపే వైపు కార్బురేటర్ తక్కువ తెరుచుకున్నట్టు. ఈ ఒక్క విషయం తిరగబడితే స్క్రూ తిప్పిన కొద్దీ తేడా పెరుగుతూనే పోతుంది.

తేడా ఐడ్లింగ్‌లోనే ఎందుకంత స్పష్టంగా తెలుస్తుంది? చిన్న లెక్క చాలు. ఐడ్లింగ్‌లో ఒక స్లైడు 1 మిల్లీమీటరు, ఇంకొకటి 1.2 మిల్లీమీటర్లు లేచి ఉన్నాయనుకుందాం. తేడా 0.2 మిల్లీమీటర్లే అయినా గాలి దారిలో అది ఇంచుమించు 20 శాతం. అదే తేడాతో రెండు స్లైడులూ 25 మిల్లీమీటర్లు లేచాయంటే అది 1 శాతం కూడా కాదు. అందుకే హైవే మీద దూసుకుపోయే బండే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర మొరాయిస్తుంది. కంటికి ఆనని ఈ తేడాని పట్టుకోవడానికే గేజ్ కావాలి.

నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఈ పద్ధతి బాగా స్థిరపడింది. ఒక్కో కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య గేజ్ గొట్టం తగిలించడానికి చిన్న రంధ్రం ఉంటుంది. మామూలుగా దాన్ని స్క్రూతోనో రబ్బరు మూతతోనో మూసి ఉంచుతారు. పని మొదలుపెట్టే ముందు వాల్వుల సందులు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు సరిచూడాలి. ఇంజన్‌కు గాలి వెళ్లే రబ్బరు గొట్టాలు పగిలి ఉంటే వాటిని ముందే మార్చాలి. పగులు గుండా దొంగగాలి దూరుతుంటే ఆ సిలిండర్ శూన్యం తక్కువగా కనిపిస్తుంది. అది కార్బురేటర్ తప్పు కాదు. ఈ తనిఖీలు వదిలేసి నేరుగా స్క్రూలు తిప్పడం, జ్వరం తగ్గలేదని థర్మామీటరును సరిచేయడం లాంటిది.

గేజ్‌లను కూడా గుడ్డిగా నమ్మకూడదు. చవక సెట్లలో ఒక గేజ్‌కూ మరో గేజ్‌కూ తేడా ఉండొచ్చు. అందుకని అన్నింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే సిలిండర్‌కు తగిలించి చూసి, తేడాను కాగితం మీద రాసుకోవాలి. ఇంకో చిక్కు ముల్లు వణకడం. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి సిలిండరూ సెకనుకు 10 సార్లు గాలి తీసుకుంటుంది. శూన్యం కూడా సెకనుకు 10 సార్లు పెరిగి తగ్గుతుంది, ముల్లు గడగడలాడుతుంది. గొట్టం మధ్యలో సన్నని అడ్డు పెడితే ఈ వణుకు అణిగి సగటు విలువ కనిపిస్తుంది. చేపల తొట్టి పంపులకు వాడే చిన్న ప్లాస్టిక్ వాల్వు ఈ పనికి చక్కగా సరిపోతుంది. దాన్ని పూర్తిగా బిగిస్తే మాత్రం ముల్లు కదలకుండా నిలబడి అబద్ధం చెబుతుంది. కొద్దిగా వణుకు మిగలడమే మంచిది.

ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌ను కంపెనీ పుస్తకంలో ఉన్న వేగానికి తేవాలి. నాలుగు కార్బురేటర్లుంటే ముందు ఒక జతను, తర్వాత రెండో జతను, చివరికి రెండు జతలను ఒకదానితో ఒకటి సమానం చేస్తారు. స్క్రూ తిప్పే ప్రతిసారీ ఒకసారి యాక్సిలరేటర్ తిప్పి వదలాలి. స్లైడులు, స్ప్రింగులు తమ చోట కుదురుకున్నాకే ముల్లును చదవాలి. ఎంత తేడా వరకు ఫర్వాలేదో ఆయా బళ్ల పుస్తకాల్లో ఉంటుంది. సాధారణంగా అది 20, 30 మిల్లీమీటర్ల పాదరసానికి మించదు. గాలి తగలని బండి త్వరగా కాగిపోతుంది కాబట్టి ముందు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవాలి.

గేజ్‌లు కొనకుండా కూడా తేడా కొలవవచ్చు. పారదర్శకమైన పొడవాటి ప్లాస్టిక్ గొట్టాన్ని ‘యు’ ఆకారంలో చెక్కకు బిగించి, సగం దాకా టూటీ ఆయిల్ పోసి, రెండు కొనలను రెండు కార్బురేటర్లకు తగిలిస్తే అదే మానోమీటర్. శూన్యం ఎక్కువున్న వైపు ఆయిల్ పైకి లేస్తుంది. పాదరసం సాంద్రత నీటికి 13.6 రెట్లు. ఆయిల్‌ది నీటికన్నా కొంచెం తక్కువ, సుమారు 0.87 రెట్లు. కాబట్టి 1 మిల్లీమీటరు పాదరసం తేడా ఆయిల్‌లో 15 మిల్లీమీటర్లకు పైగా కనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల తేడా అంటే 31 సెంటీమీటర్లు! మామూలు డయల్ గేజ్‌కు ఇంత సున్నితత్వం ఉండదు.

ఆ సున్నితత్వంలోనే ప్రమాదమూ ఉంది. ఒక వైపు గొట్టం ఊడిపోయిందంటే, రెండో వైపు 200 మిల్లీమీటర్ల శూన్యం ఉన్నా చాలు, అది ఆయిల్‌ను 3 మీటర్ల ఎత్తుకు లాగగలదు. గొట్టం అంత పొడవు ఉండదు కాబట్టి ఆయిల్ మొత్తం ఇంజన్‌లోకి పోతుంది. ద్రవాలు నొక్కితే నలగవు. సిలిండర్‌లో ఎక్కువ ద్రవం చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అందుకే రెండు వైపులా దారిలో ఒక్కో గట్టి ఖాళీ సీసా పెట్టాలి. ఆయిల్ పొంగినా అందులోనే పడుతుంది. పాదరసంతో ఇలాంటివి చేయాలనే ఆలోచన మాత్రం వద్దే వద్దు. పాత మెకానిక్కులు పాదరసం గొట్టాలు వాడేవారు, నిజమే. కానీ దాని ఆవిరి నరాల వ్యవస్థను దెబ్బతీస్తుంది. పాదరసం వాడకాన్ని తగ్గించే మినామాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది.

మళ్లీ ఫరీదాబాద్ బండి దగ్గరికి వద్దాం. రాజ్‌దూత్ 350 టూ స్ట్రోక్ కాబట్టి గాలి ముందు క్రాంక్ కేసులోకి, రీడ్ వాల్వుల గుండా వెళుతుంది. అక్కడి శూన్యం ఫోర్ స్ట్రోక్‌లో ఉన్నంత బలంగా, నిలకడగా ఉండదు. గేజ్ కన్నా స్లైడుల ఎత్తును నేరుగా పోల్చడమే ఈ ఇంజన్లకు నమ్మకమైన దారి. ఎయిర్ ఫిల్టరు గొట్టం విప్పి, రెండు స్లైడుల కింద ఒకే సైజు డ్రిల్ బిట్ల నున్నని వెనక భాగాన్ని పెట్టి, రెండూ ఒకే బిగువుతో జారేలా ఐడ్లింగ్ స్క్రూలను తిప్పుతారు. తర్వాత యాక్సిలరేటర్ మెల్లగా తిప్పుతూ, రెండు స్లైడులూ ఒకే క్షణంలో కదలడం మొదలుపెట్టేలా కేబుళ్లను సరిచేస్తారు.

ఇక్కడితో పని అయిపోయిందనుకునేవారే ఎక్కువ. ఈ బండిలో యాక్సిలరేటర్ కేబుల్ మూడు పాయలుగా చీలుతుంది. రెండు కార్బురేటర్లకు, మూడోది ఆయిల్ పంపుకు. ఎంత యాక్సిలరేటర్‌కు ఎంత ఆయిల్ పోవాలో ఆ మూడో కేబుల్ నిర్ణయిస్తుంది. మొదటి రెండింటిని సవరించి మూడోదాన్ని వదిలేస్తే ఆయిల్ తక్కువ పడవచ్చు. అప్పుడు వేగంలో ఉండగా పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పంపు పుల్లీ మీద ఉన్న గుర్తును సరిచూడకుండా బండి రోడ్డెక్కించకూడదు.

ఢిల్లీ వాతావరణం ఇంకో పరీక్ష పెడుతుంది. జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీలు, మే మధ్యాహ్నం 45 డిగ్రీలు. ఈ రెండింటి మధ్య గాలి సాంద్రత దాదాపు 13 శాతం పడిపోతుంది. కార్బురేటర్‌కు ఈ సంగతి తెలియదు. అది ఇచ్చే పెట్రోలు అంతగా తగ్గదు కాబట్టి ఎండాకాలంలో మిశ్రమంలో పెట్రోలు పాలు సుమారు 7 శాతం పెరుగుతుంది. అయితే ఈ మార్పు రెండు కార్బురేటర్లకూ సమానమే. ఎండాకాలపు మందకొడితనాన్ని సింక్రనైజేషన్ స్క్రూలతో సరిచేయబోతే ఉన్న సమతుల్యం కూడా చెడుతుంది.

చలికాలంలో ప్రమాదం వేరు. చలి అని గ్యారేజీ తలుపులు వేసుకుని, లేదా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో అరగంట ఇంజన్ నడపడం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనాలకు కాలుష్య తనిఖీలో అనుమతించే కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 4.5 శాతం. అంటే పది లక్షల భాగాల్లో 45 వేలు. పీల్చే గాలిలో అది కొన్ని వందల భాగాలు ఉన్నా కొద్ది గంటల్లోనే తలనొప్పి మొదలవుతుంది. ఈ పని ఆరుబయటే చేయాలి.

ఇంత చేసినా బండిని రాజధాని రోడ్ల మీద తిప్పవచ్చా అన్నది వేరే ప్రశ్న. 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై జాతీయ హరిత ట్రైబ్యునల్ విధించిన నిషేధాన్ని అమలు చేయమని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2025లో ఆ విషయం మళ్లీ కోర్టు ముందుకు వచ్చింది. కాబట్టి బయల్దేరే ముందు తాజా ఆదేశాలు చూసుకోక తప్పదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు 50 ఏళ్లు నిండిన వాహనాలకు వింటేజ్ హోదా ఇస్తున్నాయి. ఆ లెక్కన మొట్టమొదటి రాజ్‌దూత్ 350లకు కూడా 2033 దాకా ఆ అవకాశం లేదు. కాలుష్య తనిఖీకి తీసుకెళితే ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ బండికి సిలిండరుకొకటి చొప్పున రెండు సైలెన్సర్లు. ప్రోబును ఒకదానిలోనే పెడితే తెలిసేది సగం ఇంజన్ సంగతే.