టర్బో కారు గాలిగొట్టం: వ్యాసమెంత ఉండాలి?

కారు బానెటు ఎత్తి చూడని తెలుగు తండ్రులు ఈ దేశంలో ఉండవచ్చును గాని, ఇరవైయేళ్ల కొడుకు చేతికి పాత టర్బో కారు వచ్చిన తరువాత ఎత్తి చూడక తప్పదు. మా యింట జరిగినదదే. మావాడు 1995 నాటి మిత్సుబిషి ఎక్లిప్సు కారొకటి కొన్నాడు. ఇల్లినాయి రాష్ట్రంలో నార్మల్ అనే ఊరి కర్మాగారంలో తయారైన బండి అది. ఇంజను 1997 ఘన సెంటీమీటర్లు, టర్బో సాయంతో 210 అశ్వశక్తి. కొన్న నెలకే, "నాన్నా, ఇంటర్‌కూలరు గొట్టాలు తీసేసి మూడంగుళాలవి వేస్తాను. ఎంత లావైతే అంత బలం" అన్నాడు. నిజముగా అంతేనా? సమాధానం మనం హైస్కూలులో చదివిన భౌతికశాస్త్రంలోనే ఉన్నది.

ఇంజను వదిలే పొగతో ఒక చక్రాన్ని త్రిప్పి, ఆ చక్రంతో లోపలికి పోయే గాలిని అదిమిపెట్టే ఉపాయానికి స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందినాడు. అయితే గాలిని అదిమినకొద్దీ వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం తాకి చూచినవారికిది అనుభవమే. 30 డిగ్రీల గాలిని వాతావరణ పీడనానికి రెట్టింపు పీడనానికి తెస్తే, కంప్రెసరు సామర్థ్యం 70 శాతమనుకొన్నా, ఉష్ణోగ్రత 125 డిగ్రీల సెల్సియసుకు చేరుతుంది. వేడిగాలి పలుచన. పైగా సిలిండరులో పెట్రోలు అకాలంగా భగ్గుమని పిస్టనును దెబ్బతీసే ప్రమాదముంది. అందుకే మధ్యలో ఇంటర్‌కూలరు. అది గాలిని 50 డిగ్రీలకు దించితే సాంద్రత సుమారు 23 శాతం పెరుగుతుంది. టర్బో నుండి కూలరుకు, కూలరు నుండి ఇంజనుకు గాలిని చేర్చే గొట్టాల సంగతే ఇప్పుడు మన ప్రశ్న.

ముందు గాలి ఎంత ప్రవహిస్తున్నదో తేల్చుకొనాలి. ఇది నాలుగు ఘాతాల ఇంజను; రెండు చుట్లకొకసారి మాత్రమే ప్రతి సిలిండరు గాలి పీలుస్తుంది. కనుక రెండు లీటర్ల ఇంజను చుట్టుకొక లీటరు చొప్పున, నిమిషానికి 6000 చుట్ల వద్ద సెకనుకు 100 లీటర్లు పీల్చాలి. సిలిండర్లు పూర్తిగా నిండవు, 90 లీటర్లనుకొందాము. ఈ ప్రవాహాన్ని గొట్టపు అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వేగం వస్తుంది. రెండంగుళాల, అనగా సుమారు 50 మిల్లీమీటర్ల గొట్టంలో సెకనుకు 46 మీటర్లు, రెండున్నర అంగుళాల (63 మి.మీ.) గొట్టంలో 29; మూడంగుళాల (76 మి.మీ.) దానిలో 20. కాలువ వెడల్పయిన చోట నీరు నెమ్మదించడం మన డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వేగమెక్కువైతే ఘర్షణ, వంపుల వద్ద సుడులు హెచ్చి పీడనం పోతుంది. ఈ నష్టం వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. అంటే ఇంచుమించు వ్యాసపు నాలుగవ ఘాతానికి విలోమం. మొత్తం రెండు మీటర్ల గొట్టం, అయిదు లంబకోణపు వంపులు ఉన్నవనుకొని లెక్క వేశాను. రెండంగుళాల గొట్టంలో చదరపు అంగుళానికి సుమారు 0.75 పౌండ్లు, రెండున్నరలో 0.3, మూడింటిలో 0.12 పౌండ్లు నష్టం. మొదటి అర అంగుళం దాదాపు అర పౌండు మిగిల్చింది. రెండవ అర అంగుళం మిగిల్చినది మొత్తం 29 పౌండ్ల పీడనంలో ఒక శాతమైనా కాదు! ఇందులో పెద్ద భాగం వంపులదేనని కూడా గమనించాలి. లోపల నలగకుండా వంచిన గొట్టం, ఒక వంపు తక్కువగా నడిపిన దారి, లావుకంటె ఎక్కువ మేలు చేస్తాయి.

ఇక మూల్యం. రెండు మీటర్ల పొడవులో రెండంగుళాల గొట్టం 3.9 లీటర్ల గాలి పట్టితే, రెండున్నరది 6.2, మూడంగుళాలది 9.1 లీటర్లు పట్టుతుంది. యాక్సిలరేటరు త్రొక్కినపుడు ఇదంతా నిండితే గాని పూర్తి పీడనం రాదు. 2500 చుట్ల వద్ద ఇంజను సెకనుకు 40 లీటర్లే తీసుకొంటుంది గనుక, అయిదు లీటర్ల అదనపు ఖాళీ చిన్న విషయం కాదు. అయితే టర్బో జాగుకు ముఖ్య కారణం గొట్టాలు కావు, చక్రపు జడత్వమే. లావు గొట్టమే సర్వదోషాలకు మూలమనే వారి మాట కూడా అతిశయోక్తే.

కూలరుకు ముందున్న గొట్టం సన్నగా ఉండవచ్చునని కొందరంటారు. నిజానికి అక్కడి గాలి వేడిది, వ్యాకోచించినది. అదే గొట్టంలో ఇంకా వేగంగా, సెకనుకు 57 మీటర్లు, పోతుంది. అది సాధారణంగా పొట్టిది కాబట్టి నష్టం కనబడదు, అంతే. కంప్రెసరు నోటికి సరిపడు కొలతతో మొదలుపెట్టి, శంకువులా నెమ్మదిగా విప్పారజేయడం మంచిది. హఠాత్తుగా వెడల్పు చేస్తే సుడులు లేచి, లావువల్ల వచ్చిన లాభాన్ని తినేస్తాయి.

నన్ను నిజంగా భయపెట్టినది మరొకటి. వంపు తిరిగే చోట పీడనం గొట్టాన్ని రబ్బరు అతుకులోనుండి బయటకు నెట్టుతుంది. ఒక బారు పీడనం వద్ద ఈ బలం 50 మి.మీ. గొట్టానికి 20 కిలోలు, 63కు 32, 76కు 46 కిలోలు. గొట్టపు అంచున ఉబ్బెత్తు గాడి లేకపోయినా, క్లాంపు నాసిరకమైనా అతుకు ఊడుతుంది. ఈ కారులో గాలిని కొలిచే సాధనం టర్బోకు ముందే ఉన్నది. కొలిచిన గాలి అతుకులో కారిపోతే కంప్యూటరుకు తెలియదు; ఆ గాలికీ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. నల్లపొగ, నీరసం, అదృష్టం బాగులేకపోతే హైవే మీద ఎడమవైపు లేనులో ఆగిపోవడం.

అశ్వశక్తి 400 దాటే ఇంజనయితే మూడంగుళాల వైపు నేనూ మొగ్గేవాడిని. మావాడి లక్ష్యం 260. ఈ అంకెలన్నీ కాగితం మీద పెట్టి వాడి ముందుంచాను. ఒక సాయంకాలమంతా నా లెక్కల్లో తప్పులు వెదికి, ఒక వంపు ఎక్కువ లెక్కించానని పట్టుకొన్నాడు కూడా. చివరకు రెండున్నర అంగుళాల గొట్టాలే తెచ్చాడు. బిగించిన తరువాత, ఇంజను ఆపి, గొట్టాలలో మెల్లగా గాలి నింపి, అతుకులన్నింటికీ సబ్బునీళ్లు పూశాము. కూలరుకు కుడివైపున్న అతుకు వద్ద బుడగలు లేచాయి.