సెలవు చీటీ నుంచి సర్వీసు బుక్కు దాకా

బడి టీచరు సెలవు పెట్టడమంటే హెడ్‌మాస్టారి బల్ల మీద ఒక కాగితం పెట్టి రావడమే అనుకుంటారు చాలామంది. ఆ పని కాగితం రాయడానికి చాలా రోజుల ముందే మొదలవుతుంది. తిరిగి బడిలో చేరాక, సర్వీసు బుక్కులో పద్దు పడితే గానీ పూర్తవదు. మధ్యలో ఏ మెట్టు తప్పినా నష్టపోయేది టీచరే. గంజాం జిల్లాలో తెలుగు చెప్పే టీచరైతే పిల్లలూ నష్టపోతారు. ఆ ఒక్క మనిషి రాని రోజున వాళ్ల భాషలో పాఠం చెప్పేవారు ఆ బడిలో మరొకరు ఉండకపోవచ్చు. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పాలనిపించింది.

ఒక టీచరమ్మను అనుకుందాం. ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న పాత్రపురం బ్లాకులో చిన్న ప్రభుత్వ బడి, ఇద్దరే టీచర్లు. ఈవిడకు పిత్తాశయంలో రాళ్లున్నాయి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. మొత్తం మీద ఇరవై రోజుల విశ్రాంతి కావాలి. రెగ్యులర్ అయి తొమ్మిదేళ్లు దాటింది.

మొదటి పని దరఖాస్తు రాయడం కాదు, ఏ సెలవు పెట్టాలో తేల్చుకోవడం. చాలామంది తోచిన మాట రాసేసి, ఆఫీసులో గుమాస్తా ఏది రాసుకుంటే దానికి తలూపుతారు. అక్కడే ఖాతా చెడుతుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగుల సెలవులు 1966 నాటి ఒడిశా లీవ్ రూల్స్ ప్రకారం నడుస్తాయి. సి.ఎల్. అనే క్యాజువల్ లీవు లెక్కకు అసలు సెలవే కాదు. ఒకటి రెండు రోజుల అవసరానికి ఇచ్చే వెసులుబాటు అది. దాన్ని వేరే సెలవుతో కలపకూడదు. కాబట్టి మన టీచరమ్మ ఐదు రోజులు సి.ఎల్. పెట్టి, మిగిలిన పదిహేను రోజులు మెడికల్ సెలవు పెడతానంటే కుదరదు. మొత్తం ఇరవై రోజులూ ఒకే వరసలో ఖాతాలోంచి పోవాలి.

ఆ ఖాతాలో రెండు పద్దులుంటాయి. ఒకటి ఈ.ఎల్., అంటే సంపాదించుకున్న సెలవు. రెండోది సగం జీతం సెలవు. ఈ.ఎల్. విషయంలో టీచర్లకూ ఆఫీసు ఉద్యోగులకూ పెద్ద తేడా ఉంది. వేసవి సెలవులు, దసరా సెలవులు అనుభవించేవారు కాబట్టి మామూలు ఉద్యోగికి జమయ్యేటన్ని ఈ.ఎల్.లు టీచరుకు జమకావు. అయితే సెలవుల్లో ప్రభుత్వమే పనికి పిలిచి, ఆ సెలవులు వాడుకోనివ్వకపోతే, పోయిన రోజుల నిష్పత్తిలో ఈ.ఎల్. జమ కావాలి. ఇది తెలియకే ఎన్నో ఈ.ఎల్.లు ఆవిరైపోతున్నాయి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం పనులకు టీచర్లను పంపవచ్చు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఇలాంటి జిల్లాలో సెలవుల మధ్య పిలుపు రావడం కొత్త సంగతి కాదు. పిలుపు ఫోనులో వచ్చినా సరే, లిఖితపూర్వకమైన ఉత్తర్వు అడిగి తీసుకోవాలి. పని అయ్యాక హాజరు ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ రెండు కాగితాలూ లేకపోతే ఆ పని మీద తిరిగిన రోజులకు లెక్క ఉండదు.

సగం జీతం సెలవు మాత్రం టీచరుకు కూడా సర్వీసు ఏడాదికి 20 రోజుల లెక్కన జమవుతుంది. తొమ్మిదేళ్లకు 180 రోజులు. జబ్బు చేసినప్పుడు డాక్టరు సర్టిఫికెట్ మీద దీన్ని పూర్తి జీతం సెలవుగా మార్చుకోవచ్చు. అదే కమ్యూటెడ్ లీవు. వాడుకున్న ప్రతి రోజుకూ ఖాతాలో రెండు రోజులు తగ్గుతాయి. మన టీచరమ్మ ఇరవై రోజులు తీసుకుంటే 40 పోయి 140 మిగులుతాయి. జీతం మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. ఇది తెలియక, ఈ.ఎల్. లేదు కాబట్టి జీతం పోతుందనుకుని, కుట్లు ఆరకముందే బడికి వచ్చేసేవాళ్లుంటారు. ఆ తొందర అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. మొదట శిక్షా సహాయక్‌గానో, జూనియర్ టీచరుగానో చేరి తర్వాత రెగ్యులర్ అయినవాళ్లు, ఖాతా ఏ తేదీ నుంచి మొదలైందో తమ ఆర్డరులో చూసుకోవాలి. చేరిన తేదీ నుంచి గుణించుకుని ఆఫీసుకు వెళితే లెక్కలు కుదరవు.

సరిహద్దు అవతలి చుట్టాల మాట విని లెక్క వేసుకోవడం బరంపురంలో బాగా కనిపించే పొరపాటు. అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో పనిచేసే టీచరుకు ఏడాదికి 15 సి.ఎల్.లు, 7 స్పెషల్ సి.ఎల్.లు ఉంటాయి. మహిళలకు ఇంకో ఐదు. పిల్లల పెంపకానికి 180 రోజుల శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది. వదినగారికి వచ్చింది కదా అని ఇక్కడ దరఖాస్తు పెడితే చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ అమల్లో ఉన్న సెలవు నిబంధనల పేరు 1933 లీవ్ రూల్స్. అవి మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పుట్టాయి. అప్పటికి బరంపురం కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక ఒకే జిల్లా మనుషులు రెండు నిబంధనల కిందికి వెళ్లిపోయారు. చుట్టరికాలు మాత్రం తెగలేదు, పండగలూ మారలేదు. ఒడియావారి కొత్త సంవత్సరం ఏప్రిల్ 14 ప్రాంతంలో పణా సంక్రాంతి. మన ఉగాది దానికి ముందే వచ్చి వెళుతుంది. భోగి, కనుమ, ఉగాది, అవతల ఊళ్లో మేనల్లుడి పెళ్లి, వీటన్నిటికీ గంజాం తెలుగు టీచరు వాడేది సి.ఎల్.లే. జనవరిలో క్యాలెండరు ముందేసుకుని వీటికి నాలుగైదు పక్కన పెట్టుకోవడం తెలివైన పని. ఇచ్ఛాపురం కూతవేటు దూరమే అయినా రాష్ట్రం దాటుతున్నట్టే. సెలవు చీటీలోనే ఊరు విడిచి వెళ్లే అనుమతి కూడా అడగాలి.

మహిళా ఉద్యోగులకు ఈ మధ్య కొత్త సదుపాయం వచ్చింది. 2024 ఆగస్టు 15న కటక్‌లో ఉపముఖ్యమంత్రి ప్రవతి పరిడా నెలసరి సెలవు ప్రకటించారు. తర్వాత వచ్చిన ఉత్తర్వు ప్రకారం 55 ఏళ్ల వయసు వరకు నెలకు ఒకటి చొప్పున ఏడాదికి 12 అదనపు సి.ఎల్.లు రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు దక్కాయి. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడే టీచర్లు ఇంకా ఉన్నారు. కారణం వివరంగా రాయనక్కర్లేదు, ఫలానా సెలవు అని రాస్తే చాలు.

ప్రసూతి సెలవు 180 రోజులు, తండ్రికి 15 రోజులు. 2024లో అద్దె గర్భం ద్వారా తల్లులైనవారికి కూడా ఒడిశా ఈ 180 రోజులు వర్తింపజేసింది. ప్రసూతి సెలవుకున్న ఇద్దరు పిల్లల హద్దు అడ్డు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. తమిళనాడులో ఉమాదేవి అనే ప్రభుత్వ బడి టీచరుకు మొదటి పెళ్లిలో ఇద్దరు పిల్లలు. రెండో పెళ్లి తర్వాత కలిగిన బిడ్డకు ప్రసూతి సెలవు అడిగితే కాదన్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 మే 23న కోర్టు ఆమెకు సెలవు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఇలాంటి పరిస్థితిలో ఉన్న టీచరు కాదన్నారని ఊరుకోకుండా, తిరస్కరణను కాగితం మీద తీసుకోవాలి. నోటిమాట మీద అప్పీలు నిలవదు.

సరే, మన టీచరమ్మ కమ్యూటెడ్ లీవు అని తేల్చుకుంది. ఇప్పుడు డాక్టరు సర్టిఫికెట్. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు విశ్రాంతి అవసరమో అందులో స్పష్టంగా ఉండాలి. ఆ తేదీలూ దరఖాస్తు తేదీలూ ఒక్కటే కావాలి. నవంబరు 10 సోమవారం నుంచి 29 శనివారం వరకు అయితే సరిగ్గా 20 రోజులు. మధ్యలో వచ్చే ఆదివారాలు ఈ లెక్కలో కలిసిపోతాయి. ముందు ఆదివారం 9, తర్వాతి ఆదివారం 30 మాత్రం సెలవులో కలవకుండా ప్రిఫిక్స్, సఫిక్స్‌గా అడగాలి. డాక్టరు 30 వరకు విశ్రాంతి అని రాసేస్తే ఆ ఆదివారం కూడా ఖాతాలోంచి పోతుంది. కలం పెట్టకముందే డాక్టరుకు చెప్పుకోవాలి.

దరఖాస్తు ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఆఫీసుకు వెళుతుంది. సారం ఇంతే: “అయ్యా, పిత్తాశయ శస్త్రచికిత్స నిమిత్తం నవంబరు 10 నుంచి 29 వరకు 20 రోజులు కమ్యూటెడ్ లీవు మంజూరు చేయగలరు. 9, 30 తేదీల ఆదివారాలను ముందు వెనుకలుగా వాడుకోవడానికి, ఊరు విడిచి వెళ్లడానికి అనుమతి కోరుతున్నాను. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. సెలవులో నా చిరునామా ఇది.” బాధలు ఏకరువు పెట్టనక్కర్లేదు. సెలవు రకం పేరు మాత్రం తప్పకుండా ఉండాలి. సెలవును హక్కుగా అడగలేమన్నది నిజమే. పని ఒత్తిడి ఉంటే అధికారి కాదనవచ్చు, వాయిదా వేయమనవచ్చు. కానీ ఉద్యోగి అడిగిన రకాన్ని తనంతట తాను మరో రకంగా మార్చే అధికారం ఆయనకు లేదు. బ్రిటిష్ కాలం నాటి ఫండమెంటల్ రూల్స్ నుంచి వస్తున్న సూత్రమిది. రకం పేరు రాయని దరఖాస్తుకు ఆ రక్షణ దొరకదు.

ఒడిశాలో ఇప్పుడు సెలవు వివరాలు ఉద్యోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ హెచ్.ఆర్.ఎం.ఎస్. లోకి కూడా ఎక్కాలి. అక్కడ నింపిన తేదీలు చేతిరాత దరఖాస్తుతో సరిపోలాలి. సి.ఎల్. హెడ్‌మాస్టారితో తీరిపోతుంది. ఇలాంటి పెద్ద సెలవు ప్రాథమిక బడుల విషయంలో హెడ్‌మాస్టారి సిఫారసుతో బ్లాకు విద్యాధికారి (బి.ఇ.ఓ.) ఆఫీసుకు వెళుతుంది. ఒక నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. ఎన్ని ఆన్‌లైన్లు వచ్చినా ఆ సంతకం విలువ తగ్గలేదు.

ఇక ఏ నిబంధనల పుస్తకంలోనూ కనిపించని మెట్టు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, తరగతి అప్పగింత. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు ఇరవై రోజులు రాకపోతే ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. కాబట్టి దరఖాస్తుతో పాటే క్లస్టరు కోఆర్డినేటరును కలిసి, పక్క బడి నుంచి ఎవరినైనా పంపమని అడగాలి. వచ్చే మనిషికి తెలుగు రాకపోవచ్చు. అందుకే అప్పగింత పుస్తకం ఒడియాలో రాయాలి, తెలుగు పిల్లల వివరాలు విడిగా పెట్టాలి. “మూడో తరగతిలో ఈ నలుగురు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఒడియాలో చెప్పింది అర్థమైందా అని వీళ్లను అడగండి, తల ఊపితే నమ్మకండి, పలక మీద రాయించండి. ఐదో తరగతిలో ఫలానా పాప రెండు భాషలూ గడగడా చదువుతుంది, చిన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. లెక్కల్లో భాగహారం శేషం దగ్గర ఆగాం.” ఇలా పేరుపేరునా రెండు పేజీలు రాస్తే చాలు. మధ్యాహ్న భోజనం రిజిస్టరు, బియ్యం నిల్వ, బీరువా తాళాలు సంతకం తీసుకుని అప్పగించాలి. ఆమె మంచం మీద ఉండగా తాళం కోసం ఫోను రాకూడదు, పిల్లల చదువు ఆగకూడదు. యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 1966 అక్టోబరు 5న టీచర్ల హోదాపై చేసిన సిఫారసుల్లో చదువు సెలవు, జబ్బు సెలవు, ప్రసూతి సెలవుల ప్రస్తావన ఉంది. ఆ తేదీనే ప్రపంచ ఉపాధ్యాయ దినంగా జరుపుతారు. టీచరు కోలుకోవడం బడికి అవసరం అన్న ఆలోచన ఆ సిఫారసుల్లోనూ కనిపిస్తుంది.

ప్రైవేటు బడుల టీచర్ల దారి వేరు. పైన చెప్పిన ఖాతాలు వాళ్లకు లేవు. నియామక పత్రంలో ఏముందో అదే ఆధారం. ప్రసూతి విషయంలో మాత్రం చట్టం అండ ఉంది. 1961 నాటి ప్రసూతి చట్టానికి 2017లో జరిగిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతన సెలవు వచ్చింది. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కార్మిక నాయకుడిగా ఎదిగి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పుట్టిన బరంపురంలో, గర్భిణి టీచరును రాజీనామా రాసివ్వమనే యాజమాన్యాలు ఉండకూడదని గట్టిగా కోరుకుంటాను. అలా అడిగినప్పుడు సంతకం పెట్టకుండా, సెలవు కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి.

ఇరవై రోజులు చాలకపోతే? నవంబరు 29 దాటక ముందే, కొత్త సర్టిఫికెట్‌తో పొడిగింపు దరఖాస్తు పంపాలి. గడువు దాటాక ఊరుకుంటే అది అనధికార గైర్హాజరు. జీతం పోవడమే కాదు, సర్వీసుకు గండి పడే ప్రమాదం ఉంది. కోలుకున్నాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని డిసెంబరు 1 ఉదయం బడి గంటకు ముందే జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు ఇవ్వకుండా రిజిస్టరులో సంతకం పెట్టకూడదు.

ఆ తర్వాత మంజూరు ఉత్తర్వు వచ్చిందా, నెల జీతం పూర్తిగా పడిందా చూసుకోవాలి. ఒకరోజు వీలు చేసుకుని బి.ఇ.ఓ. ఆఫీసులో సర్వీసు బుక్కు చూపించమని అడగాలి. సెలవు ఖాతా పేజీలో తేదీలు, రకం, ఎన్ని రోజులు, మిగులు, పక్కన అధికారి పొట్టి సంతకం ఉండాలి. 40 తగ్గిందా, 140 మిగిలిందా సరిచూసి, ఆ పేజీ ఫోటో తీసుకోవాలి. సంతకం లేకపోతే అక్కడే పెట్టించుకుని రావాలి, మళ్లీ వస్తానని వచ్చేయకూడదు.