బడికి వచ్చే కానుక: దానమా, బేరమా?



సర్కారు బడికి ఒక కంపెనీ బండి వస్తుంది. పిల్లలను వరుసగా నిలబెట్టి నోటు పుస్తకాలు, సంచులు పంచుతారు. అట్టమీద కంపెనీ గుర్తు ఉంటుంది. ఫొటో తీసుకుంటారు, బండి వెళ్ళిపోతుంది. పిల్లలు సంతోషిస్తారు, తల్లిదండ్రులూ సంతోషిస్తారు. ఇందులో తప్పేమిటని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేము. అయితే ఆ వరుస పక్కన నిలబడి ఉండే ఉపాధ్యాయుని మనసులో ఏముందో మనం ఎప్పుడైనా అడిగామా?

రెంజల్ మండలంలో పనిచేసే కొందరు ఉపాధ్యాయులతో ఒక సాయంత్రం ఈ విషయమే మాట్లాడాను. ముగ్గురు మూడు మాటలు చెప్పారు. మూడింటిలోనూ నిజం ఉంది కాబట్టి వాటిని మీ ముందు పెడుతున్నాను.

1. ముగ్గురి మాటలు

మొదటివారు ఒక ప్రధానోపాధ్యాయులు. "ఫాదర్, బాత్‌రూమ్‌కు తలుపు లేక పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నమే ఇంటికి పోతున్నరు. తలుపు పెట్టిస్తనన్నాయన దానిమీద పేరు రాసుకుంటనంటే నేను వద్దనాల్నా?" అన్నారు. ఈ మాటను తేలికగా తీసివేయకూడదు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టే చేతిని పరీక్షించమని చెప్పడం కడుపు నిండిన వారికి సులభం.

రెండవవారు సైన్సు చెప్పే ఉపాధ్యాయురాలు. "ఒకసారి ఒక కంపెనీ వాళ్ళొచ్చి చేతులు కడుక్కునుడు గురించి మంచిగనే చెప్పిండ్రు. చివరికి 'ఏ సబ్బుతోని కడుక్కోవాలె?' అని అడిగితే పిల్లలంత ఒక్క గొంతుతోని కంపెనీ పేరు చెప్పిండ్రు. తెల్లారి ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, 'మేడం, మా ఇంట్ల వేరే సబ్బు ఉన్నది, క్రిములు సావవా?' అని అడిగింది" అన్నారు.

మూడవవారు పదవీ విరమణకు దగ్గరలో ఉన్న సారు. "తీస్కుందాం ఫాదర్. కానీ ఏం కావాలెనో బడి చెప్పాలె. వాళ్ళు తెచ్చింది మనం పంచుడు కాదు" అన్నారు.

2. దానానికి, బేరానికి తేడా

పేరు రాసుకోవడమే తప్పు అనలేము. మన గుడిలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు లేవా? 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన 'మన ఊరు - మన బడి' కార్యక్రమంలో కూడా పెద్ద విరాళం ఇచ్చినవారి పేరు గదికో బడికో పెట్టే వీలు కల్పించారు. పేరు కోరడం మానవ సహజం. అయితే దాత పేరు "ఇది నేను ఇచ్చాను" అని చెప్పి ఊరుకుంటుంది. సరుకు పేరు "నన్ను కొనండి" అని ప్రతిరోజూ చెబుతూనే ఉంటుంది.

ఈ తేడాను చట్టమే గుర్తించింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజ సేవకు ఖర్చు చేయాలి. విద్య ఆ సేవల జాబితాలో ఉంది. 2014 ఏప్రిల్ నుండి ఇది అమలులో ఉంది. 2021 జనవరిలో సవరించిన నియమాలు ఇంకొక మాట చేర్చాయి: తమ సరుకుల అమ్మకానికి లాభం చేకూర్చుకోవడం కోసం చేసే ఖర్చు ఈ సేవ కిందకు రాదు. అంటే కొంత ఖర్చు కంపెనీ చేయవలసిన బాధ్యత. దానికి మనం సరుకు ప్రచారం చేసి బదులు తీర్చవలసిన అవసరం లేదు.

3. ఇచ్చినవాడు వెళ్ళిపోతే?

పెద్ద సారు ఒక పాత సంగతి గుర్తుచేశారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్యను ప్రైవేటు కంపెనీల చేత నడిపించారు. కంపెనీయే కంప్యూటర్లు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్ళు నడిపి, తరువాత బడికి అప్పగించాలి. 2013లో గడువు తీరింది. బోధకులు ఇంటిదారి పట్టారు. చాలాచోట్ల కంప్యూటర్ గదులకు తాళాలు పడ్డాయి. యంత్రాలు బడిలోనే మిగిలాయి గాని, వాటిని నడిపే విద్య బడి ఉపాధ్యాయులకు అందలేదు.

పొరుగు రాష్ట్రంలో దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరు నుండి సుమారు 4.6 లక్షల మంది ఎనిమిదో తరగతి పిల్లలకు, 59 వేల మంది ఉపాధ్యాయులకు ఆ సంస్థ పాఠాలతో ట్యాబ్‌లు పంచారు. పాఠాలను సంస్థ ఉచితంగా ఇచ్చింది. 2024 జూలై వచ్చేసరికి ఆ సంస్థే దివాలా విచారణలో పడింది. వీడియో పాఠం మంచిదే కావచ్చు. కాని పాఠం బయటివారి చేతిలో ఉంటే, వారి కష్టకాలం బడికి కూడా కష్టకాలమవుతుంది.

బోధన్ ప్రాంతం వారికి ఇది ఒకరు చెప్పవలసిన పాఠం కాదు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ నీడలో మూడు తరాలు బ్రతికాయి. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. కంపెనీ ఉన్నంతకాలం మనకు అన్నీ ఉన్నట్టే ఉంటాయి. అది పోయినప్పుడు మనదేదో, కంపెనీదేదో తెలిసివస్తుంది.

4. అమ్మకూడనిది

కంపెనీకి బడిలో కావలసింది గోడ కాదు. గోడలు రోడ్డు పొడవునా ఉన్నాయి. బడి గోడకు విలువ ఎక్కడిది? బడిలో విన్నది నిజమని పిల్లవాడు నమ్ముతాడు. కంపెనీ కోరేది ఆ నమ్మకాన్నే. వెల కట్టగలిగినవి కొన్ని, వెలకు అతీతమైన గౌరవం గలవి కొన్ని అని తత్వవేత్త కాంట్ విభజించాడు. అంగడి వలన మేలు ఉన్నప్పటికీ అమ్మకూడని, కొనకూడని మేళ్ళు ఉన్నాయని పోపు రెండవ జాన్ పాల్ గారు 1991 నాటి 'చెంతేసిముస్ అన్నుస్' విశ్వలేఖలో బోధించారు. ఉపాధ్యాయుని మాట అటువంటిదే. అందుకే విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధించింది.

అమెరికాలో 1990లో 'చానల్ వన్' అనే సంస్థ బడులకు టీవీలు ఉచితంగా సమకూర్చి, బదులుగా ప్రతిరోజూ తరగతిలో 12 నిమిషాల వార్తా కార్యక్రమం చూపించమన్నది. అందులో 2 నిమిషాలు ప్రకటనలు. అక్కడి పెద్ద ఉపాధ్యాయ సంఘం దానిని వ్యతిరేకించింది. అయినా టీవీలు కొనలేని ఎన్నో బడులు ఒప్పుకున్నాయి. 2018 వరకు అది నడిచింది. లేమి ఉన్నచోటనే బేరం సులభంగా కుదురుతుంది.

మన దేశంలోనూ ఒక హద్దు గీశారు. ఆహార భద్రత సంస్థ 2020లో చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోను, బడి గేటు నుండి 50 మీటర్ల లోపలను అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు.

5. తల్లిదండ్రుల పని

వచ్చిన దాతకు కాదని చెప్పే భారం ఒక్క ప్రధానోపాధ్యాయుని మీద వేయడం న్యాయం కాదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కుర్చీలు మనవి. వాటిలో కూర్చుని అడుగుదాం. అంతకుముందు ఇంట్లో కూడా మాట్లాడుకుందాం:

- ఈ వస్తువు బడి అడిగిందా, కంపెనీ తెచ్చిందా?
- సరుకు పేరు లేకపోయినా ఇస్తారా?
- వారు వెళ్ళిపోయాక దీనిని నడిపేది ఎవరు?
- పాఠం చెప్పేది మన ఉపాధ్యాయుడా, వారి మనిషా?

ఈ ప్రశ్నలకు మంచి జవాబు వస్తే కృతజ్ఞతతో తీసుకుందాం. ఆ తలుపు తప్పక రావాలి. దానిమీద దాత పేరు ఉన్నా, ఆడపిల్లలు సాయంత్రం దాకా బడిలో ఉంటారు. ఎవరూ ఇవ్వకపోతే, ఆ తలుపు కోసం మండల కార్యాలయం మెట్లు ఎక్కవలసింది మనమే.

సబ్బు గురించి అడిగిన ఆ పిల్లకు ఏమని చెప్పారని ఉపాధ్యాయురాలిని అడిగాను. "ఏ సబ్బైనా మంచిదే బిడ్డా, నిమ్మలంగ రుద్ది కడుక్కోవాలె, అంతే అని చెప్పిన. ఆ పిల్ల నవ్వుకుంట పోయింది" అన్నారు.

తన ఇంటి సబ్బును చూసి చిన్నబోయిన ఒక పేద బిడ్డకు ఆ ఒక్క మాట ధైర్యం ఇచ్చింది. ఆ మాట స్వేచ్ఛగా చెప్పగలిగే ఉపాధ్యాయుడు మన బడిలో ఉండేటట్లు చూసుకోవడం మన బాధ్యత.