రోగి అల్పాహారానికి కూరగాయల గుడ్డు ఇడ్లీలు

జబ్బు నుండి కోలుకుంటున్న మనిషికి మందు ఎంత ముఖ్యమో ఆహారం అంత ముఖ్యం. అయినా చాలామంది రోగులకు ఉదయం పూట దొరికేది టీ, రెండు బ్రెడ్డు ముక్కలు మాత్రమే. ఇలా రోజుల తరబడి గడిస్తే కండ కరుగుతుంది, నీరసం పెరుగుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది.

వార్డులో బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "కుట్లు ఎండేదాకా గుడ్డు పెట్టొద్దంటరు గద సిస్టర్, చీము పడుతదంట?" ఇది నిజం కాదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వలన, గుడ్డు వలన కాదు. తెగిన చర్మం, కండరం తిరిగి అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. అవి గుడ్డులో మంచి రకానివి ఉన్నాయి. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ భోజనంతో పాటు గుడ్డు చేర్చినది కూడా ఈ బలం కోసమే.

గుడ్డు, కూరగాయలు కలిపి ఎందుకు?

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న 50 కిలోల మనిషికే రోజుకు సుమారు 42 గ్రాములు కావాలి. జబ్బుపడిన వారికి సాధారణంగా ఇంకా ఎక్కువ అవసరం. గుడ్డులో ఎ, డి, బి12 విటమిన్లు కూడా ఉన్నాయి. కాని పీచు, సి విటమిన్ లేవు. ఆ లోటును కూరగాయలు, నిమ్మరసం తీరుస్తాయి. పీచు వలన మలబద్ధకం తగ్గుతుంది. మంచం మీద ఉన్నవారికి ఇది పెద్ద మేలు.

పాశ్చాత్య దేశాలలో గుడ్లు, కూరగాయలు కలిపి చిన్న గిన్నెలలో పోసి ఓవెన్‌లో కాల్చి, మఫిన్లు అని ఉదయం తింటారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో గది అద్దెకు తీసుకొని రోగిని చూసుకునేవారికి ఓవెన్ ఎక్కడిది? ఇడ్లీ పాత్ర ఉంటే చాలు. నూనె కూడా తక్కువ పడుతుంది.

కావలసినవి (6 ఇడ్లీలకు)

కోడిగుడ్లు 3, చిన్న క్యారెట్ 1, బీన్స్ 4, చిన్న ఉల్లిపాయ 1, పాలకూర గుప్పెడు, శనగపిండి 1 టేబుల్ స్పూను, కొత్తిమీర కొద్దిగా, మిరియాల పొడి, పసుపు చిటికెడు చొప్పున, ఉప్పు పావు టీస్పూను, నూనె 2 టీస్పూన్లు, నిమ్మచెక్క. కూరగాయలు సరూర్‌నగర్ రైతుబజారులో తాజాగా దొరుకుతాయి.

తయారుచేయు విధానం

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. కూరగాయలను ముందు కడిగి, తరువాత సన్నగా తరగండి.
2. ఒక టీస్పూను నూనెలో ఉల్లి, క్యారెట్, బీన్స్ మెత్తబడేవరకు వేయించి, చివర పాలకూర వేసి నీరు ఇగిరిపోనివ్వండి. నీరు మిగిలితే ఇడ్లీ జారుగా వస్తుంది. దించి చల్లార్చండి.
3. శనగపిండిని రెండు చెంచాల నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. అందులో గుడ్లు కొట్టి, ఉప్పు, పసుపు, మిరియాల పొడి వేసి గిలకొట్టండి. కూరగాయలు, కొత్తిమీర కలపండి.
4. ఇడ్లీ ప్లేట్లకు నూనె రాసి, గుంటలో ముప్పావు వంతు మాత్రమే పోయండి. కూరగాయలు అడుగుకు చేరతాయి కాబట్టి పోసే ప్రతిసారి గరిటెతో కలపండి.
5. మధ్యస్థ మంట మీద సుమారు 12 నిమిషాలు ఆవిరిపై ఉడికించండి. చెంచా కాడ మధ్యలో గుచ్చితే పచ్చి గుడ్డు అంటకూడదు. అంటితే ఇంకొంచెం ఉడికించండి.
6. రెండు నిమిషాలు ఆగి తీసి, నిమ్మరసం పిండి వడ్డించండి.

రెండు ఇడ్లీలు తింటే ఒక గుడ్డు తిన్నట్లు. నమలలేని వృద్ధులకు చిదిమి పెట్టవచ్చును. గుడ్డు తినని వారికి నానబెట్టి రుబ్బిన పెసరపిండితో ఇదే విధంగా చేయండి.

జాగ్రత్తలు

- పగిలిన గుడ్లు కొనవద్దు. రోగికి పచ్చి గుడ్డు, సగం ఉడికిన గుడ్డు ఇవ్వవద్దు. వాటి వలన విరేచనాలు, జ్వరం రావచ్చును.
- ఇంటి నుండి ఆసుపత్రికి తెచ్చేటప్పుడు వేడిగా డబ్బాలో పెట్టి, రెండు గంటలలోపు తినిపించండి. ఎండాకాలంలో గంటలోపే తినిపించాలి. మిగిలినది సాయంత్రానికి దాచవద్దు.
- తిన్న వెంటనే టీ ఇవ్వవద్దు. ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగండి.
- రక్తపోటు ఉన్నవారికి ఉప్పు ఇంకా తగ్గించండి, ఊరగాయ పెట్టవద్దు.
- మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు గుడ్డు ఎంత తినవచ్చునో డాక్టరును అడగాలి. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచవద్దు, మానవద్దు.
- కడుపు ఆపరేషన్ అయినవారికి డాక్టరు గట్టి ఆహారానికి అనుమతి ఇచ్చిన తరువాతే పెట్టండి.
- గుడ్డు తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారికి ఇవ్వనే వద్దు.

రోగి రెండు ముద్దలు తిని వద్దన్నా విసుగుకోవద్దు. ఒక ఇడ్లీ ఇప్పుడు, తరువాత వేడిగా వండిన ఇంకొకటి, ఇలా కొద్దికొద్దిగా పెట్టండి. ఏ పూట ఎంత తిన్నారో ఒక కాగితం మీద రాసి డ్యూటీ నర్సుకు చూపించండి. రోగికి ఆహారం సరిపోతున్నదో లేదో తెలుసుకోవడానికి అది మాకు ఎంతో ఉపయోగపడుతుంది.