వెండి పొదిగిన సెంటు

కొత్త నాణెమును చెలామణిలోనికి తెచ్చుటకు ముందు టంకశాలవారు కొన్నిటిని పరీక్షార్థము ముద్రింతురు. వీనిని నమూనా నాణెములందురు. అట్టి వానిలో అమెరికా సంయుక్త రాష్ట్రముల వెండి పొదిగిన సెంటు ఒకటి.

బ్రిటిషు పాలననుండి విముక్తమైన తొలి సంవత్సరములలో ఆ దేశమునకు సొంత టంకశాల లేకుండెను. స్పెయిను మొదలగు విదేశముల నాణెములు అచట చెల్లుచుండెను. వాని విలువ ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క రీతిగా నుండుటచే ప్రజలు లెక్కలలో చిక్కుపడుచుండిరి. తుదకు 1792 ఏప్రిల్ 2న నాణెముల చట్టము వెలువడెను. డాలరునకు నూరు సెంట్లని నిర్ణయమయ్యెను. ఫిలడెల్ఫియా నగరమున టంకశాల నెలకొల్పబడెను. డేవిడ్ రిటెన్‌హౌస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు దానికి ప్రథమాధిపతి.

నాణెములపై అధ్యక్షుని శిరస్సును ముద్రింపవలెనని సెనేటు తలంచెను. అది రాజుల యాచారమనియు, ప్రజారాజ్యమునకు తగదనియు ప్రతినిధుల సభ వాదించెను. ఆ సభ మాటయే నెగ్గెను. స్వేచ్ఛకు చిహ్నముగా ఒక స్త్రీమూర్తి శిరస్సు నాణెములపై నిలిచెను.

సెంటు విషయమున మరియొక సమస్య తలయెత్తెను. ఆ కాలమున నాణెమునందలి లోహము విలువ నాణెపు విలువకు దీటుగా నుండవలెను. లేనిచో ప్రజలు దానిని నమ్మరు. చట్టము ప్రకారము సెంటునకు 264 గ్రెయినుల రాగి, అనగా సుమారు 17 గ్రాములు కావలెను. అంత బరువైన చిల్లరను మోసికొని తిరుగుట కష్టము. నాణెమును చిన్నది చేసినచో లోహపు విలువ తగ్గును.

టంకశాలయందు నాణెముల ముద్రణాధికారియగు హెన్రీ వాయిట్ ఒక ఉపాయము పన్నెను. చిన్న రాగిబిళ్ళ నడుమ రంధ్రము చేసి, అందు వెండిముక్కను పొదిగి, ముద్ర వేయించెను. రాగి విలువ పావు సెంటు. వెండి విలువ ముప్పావు సెంటు. 1792 డిసెంబరులో మంత్రి థామస్ జెఫర్సన్ ఇట్టి నాణెములు రెంటిని అధ్యక్షుడైన వాషింగ్టనునకు పంపెను. వెండిని రాగితో కలిపి కరగించి నాణెములు చేయు మరియొక పద్ధతియు ఆలోచింపబడెను. కాని అట్లు చేసినచో అందు వెండి కలదో లేదో చూచువారికి తెలియదు.

ఈ రెండు పద్ధతులును చెలామణికి రాలేదు. 1793 జనవరిలో సెంటు బరువును 208 గ్రెయినులకు తగ్గించుచు మరియొక చట్టము చేసిరి. ఆ సంవత్సరము మార్చి నెలలో కేవలము రాగితో చేసిన సెంట్లు ప్రజల చేతికందెను.

వెండి పొదిగిన సెంట్లు నేడు బహు కొద్దిగా మిగిలియున్నవి. వానిని చూచినపుడు ఒక విషయము స్ఫురించును. మిక్కిలి చిన్న నాణెమునందైనను ప్రజలు మోసపోరాదని ఆ కొత్త ప్రభుత్వము ఎంత శ్రమపడెనో ఆ వెండిచుక్క తెలుపుచున్నది.