డీపీ పెరిగితే ప్రెషర్ పెంచకండి

ఫార్మా యూనిట్ ఈటీపీలోనో, జెడ్‌ఎల్‌డీ ప్లాంట్‌లోనో ఆర్‌ఓ నడిపే షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని పైవాళ్లు అడిగేది ఒకటే: పర్మియేట్ ఎంత వచ్చింది? మెంబ్రేన్ ఎలా ఉందని ఎవరూ అడగరు. అందుకే ఫ్లో తగ్గగానే హై ప్రెషర్ పంప్ స్పీడ్ కాస్త పెంచి ఆ పూటకి టార్గెట్ దాటించేయడం అలవాటైపోతుంది. ఫ్లో తగ్గింది బ్యాక్టీరియా వల్ల అయితే మాత్రం ఇది వడ్డీకి అప్పు తెచ్చి ఇల్లు గడపడమే. ప్రెషర్ పెంచితే ముందు వరస మెంబ్రేన్ల గుండా నీటిని ఇంకా ఎక్కువ లాగుతాం. ఆ నీటితో వచ్చే బ్యాక్టీరియా, దాని మేత అయిన ఆర్గానిక్స్ అక్కడే పేరుకుని పాకుడు పొర గట్టిపడుతుంది. ఆ తర్వాత సీఐపీ చేసినా పాత ఫ్లో పూర్తిగా రాదు. అప్పుడు అడిగే ప్రశ్న మారుతుంది: "ఇన్నాళ్లూ ఏం చూశారు?"

కాబట్టి ముందు చూడాల్సింది మొదటి స్టేజ్ డీపీ, అంటే ఆ స్టేజ్‌లోకి వెళ్లే నీటికీ, బయటికొచ్చే రిజెక్ట్‌కీ మధ్య ప్రెషర్ తేడా. స్కేలింగ్ అయితే నీరు బాగా చిక్కబడే చివరి స్టేజ్‌లో మొదలవుతుంది. బ్యాక్టీరియాకి మేత కావాలి, అది ముందుగా అందేది మొదటి స్టేజ్‌లోనే. అక్కడ డీపీ ఎక్కుతూ, పర్మియేట్ టీడీఎస్ మాత్రం ఇంకా మామూలుగానే ఉంటే పాకుడునే అనుమానించండి. మట్టి, సన్నటి మలినం కూడా అక్కడే చేరతాయి కనుక కాట్రిడ్జ్ ఫిల్టర్ హౌసింగ్ తెరిపించి, గ్లవుజు వేసుకుని తడిమి చూడండి. జిగటగా ఉండి కుళ్లు వాసన వస్తే ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

చాలామంది తప్పులో కాలేసేది ఉష్ణోగ్రత దగ్గర. ఫీడ్ నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఫ్లో సుమారు 3 శాతం తగ్గుతుంది, వేడెక్కితే అంతే పెరుగుతుంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. గంటకు 20 క్యూబిక్ మీటర్లు ఇచ్చే స్కిడ్ జనవరిలో 18.2 ఇస్తోంది, నీరు 3 డిగ్రీలు చల్లబడింది. లెక్క సరిపోయింది, ఫౌలింగ్ లేదు. సీఐపీ అక్కర్లేదు. ఇప్పుడు మే నెల. నీరు 6 డిగ్రీలు వేడెక్కింది, ప్రెషర్ అదే, ఫ్లో కూడా అదే 20. లాగ్ షీట్ చూసినవాళ్లంతా అంతా బాగుందనుకుంటారు. నిజానికి 23.6 రావాలి. అంటే సుమారు 15 శాతం పోయింది, ఎండ దాన్ని కప్పేసింది. పైగా బ్యాక్టీరియా జోరుగా పెరిగేదీ ఆ నెలల్లోనే. అందుకే లాగ్ షీట్‌లో ఉష్ణోగ్రతకు సరిచేసిన ఫ్లోకి ఒక కాలమ్ పెట్టండి. మెంబ్రేన్ కంపెనీలు ఇందుకు ఎక్సెల్ షీట్లు ఇస్తాయి. వారంటీ పేచీ వచ్చిన రోజు మీ వైపు మాట్లాడేది ఆ కాలమే.

సరిచేసిన ఫ్లో 10 శాతం తగ్గినా, అదే ఫీడ్ ఫ్లో దగ్గర డీపీ 15 శాతం పెరిగినా సీఐపీ వేళ అయినట్టే. కొత్తలో 1.2 బార్ ఉన్న స్టేజ్ 1.4కి చేరిందంటే ఇక వాయిదా వేయకూడదు. ప్రొడక్షన్ వాళ్లు అడగ్గానే ఒక రోజు ప్లాంట్ ఆపరు, ఆపుతారని ఆశించకండి కూడా. డీపీ 1.3 దాటినప్పుడే ఈ అంకెలతో మెయిల్ పెట్టి, మెయింటెనెన్స్ కోసం ఎలాగూ ఆగే రోజును ముందే రిజర్వ్ చేసుకోండి. నోటిమాటగా చెబితే చెప్పినట్టు కాదు.

సీఐపీలో వరస ముఖ్యం. పాకుడు ఉన్న మెంబ్రేన్‌కి ముందు యాసిడ్ పెడితే ఆ పొర ఇంకా బిగుసుకోవచ్చు. కాస్టిక్‌తో ఆల్కలీ వాష్ ముందు, యాసిడ్ తర్వాత. ఆల్కలీ ద్రావణం పీహెచ్ 12, ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటనివ్వకండి, మీ మెంబ్రేన్ డేటా షీట్‌లో ఇంకా తక్కువ ఉంటే అదే పాటించండి. మొదట తిరిగొచ్చే మురికి ద్రావణాన్ని ట్యాంక్‌లోకి రానివ్వకుండా డ్రెయిన్‌కి వదలండి. సర్క్యులేషన్ తక్కువ ప్రెషర్‌లో జరగాలి. పర్మియేట్ వస్తోందంటే మురికిని మెంబ్రేన్‌లోకే నొక్కుతున్నారని అర్థం. వీలైతే స్టేజ్‌లను విడివిడిగా కడగండి, లేకపోతే మొదటిదాని పాకుడు రెండోదానికి చేరుతుంది. రాత్రంతా నానబెట్టే అవకాశం దొరికితే వదులుకోకండి.

అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో ఎంబీఆర్ నడిపి ఆర్‌ఓ ప్లాంట్‌కి మారినవాళ్లకి ఒక మాట. అక్కడి పీవీడీఎఫ్ మెంబ్రేన్ హైపోని తట్టుకుంటుంది కాబట్టి దానితోనే కడిగారు. ఆర్‌ఓలో ఉండేది పాలీఅమైడ్ పొర, ఫ్రీ క్లోరిన్ 0.1 పీపీఎం కూడా దానికి ఎక్కువే. హైపో పడ్డాక ఫ్లో పెరిగి అందరూ సంతోషిస్తారు. ఆ వెనకే పర్మియేట్ టీడీఎస్ కూడా ఎగబాకుతుంది, ఆ నష్టం తిరిగిరాదు. రెండు రకాల ప్లాంట్లలోనూ హైపో, యాసిడ్ కలవకూడదు. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

కడిగాక కూడా పాకుడు త్వరగా తిరిగొస్తుంటే అది ఎక్కడ పుడుతోందో చూడాలి. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ని తీసేస్తుంది, ఆర్గానిక్స్‌ని పట్టి ఉంచుతుంది, బ్యాక్టీరియాకి అంతకంటే మంచి చోటు ఉండదు. పలచగా కలిపి వారాలపాటు ఉంచిన యాంటీస్కేలెంట్ ట్యాంక్ రెండోది. క్లోరిన్‌ని తీసేయడానికి వేసే ఎస్‌ఎంబీఎస్‌ని భద్రంగా ఉంటుందని ఎక్కువ పోయడం మూడోది. ఒక పీపీఎం క్లోరిన్‌కి లెక్క ప్రకారం 1.34 చాలు, ఆచరణలో 3 వరకు వేస్తారు, అంతకుమించి మేలేమీ లేదు. డీబీఎన్‌పీఏ బయోసైడ్‌కి డబ్బు పెట్టి, ఎస్‌ఎంబీఎస్ ఉన్న నీటిలోనే దాన్ని పోసేవాళ్లున్నారు. ఎస్‌ఎంబీఎస్ దాన్ని పనిచేయనివ్వదు.

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో 2008 నుంచి మురుగునీటిని తాగునీటి స్థాయికి శుద్ధి చేస్తున్న ప్లాంట్ ఆర్‌ఓ ముందు క్లోరమైన్ ఉంచి పాకుడుని అదుపు చేస్తుంది. అది చదివి సొంతంగా ప్రయత్నించకండి. అమ్మోనియా నిలకడగా లేని, ఇనుము ఉన్న ఎఫ్లుయెంట్‌లో ఆ క్లోరమైనే మెంబ్రేన్‌ని తినేస్తుంది.

ఇక సెలవులు. ప్లాంట్ ఆపగానే పర్మియేట్‌తో ఫ్లష్ చేయండి. రెండు రోజులకు మించి ఆగేట్టయితే 1 శాతం ఎస్‌ఎంబీఎస్ ద్రావణాన్ని వెసెల్స్‌లో గాలి మిగలకుండా నింపండి. సంక్రాంతికి ఊరెళ్లేముందు నింపిన తేదీ, పీహెచ్ హ్యాండోవర్ నోట్‌లో రాసి సంతకం తీసుకోండి. పీహెచ్ 3కి దిగేలోపే ద్రావణం మార్చాలి, ఆ పని ఎవరిదో పేరు కూడా అందులోనే ఉండాలి.