వయొలిన్ గ్రేడు పరీక్ష - వయోజన విద్యార్థి

పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకొనేవారికి శ్రేణుల వారీగా పరీక్షలు జరిపే సంస్థలలో ప్రసిద్ధమైనది, లండన్‌లోని రాయల్ అకాడమీ, రాయల్ కాలేజీ కలిసి 1889లో నెలకొల్పిన అసోసియేటెడ్ బోర్డు. దాని పరీక్షలు మన దేశంలోనూ జరుగుతున్నవి. ముఖ్యమైన గ్రేడులు 1 నుండి 8 వరకు. వయఃపరిమితి లేదు. పదేండ్ల బాలిక వెలుపలికి వచ్చిన గదిలోనికే నలుబదేండ్ల గుమాస్తా వెళ్లవచ్చును. ఇరువురికీ కొలబద్ద ఒక్కటే. ఉద్యోగం చేసుకొంటూ అభిరుచి కొద్దీ నేర్చుకొనేవారికి ఈ శ్రమ అవసరమా అని అడిగేవారు కలరు. అవసరమనే నా అభిప్రాయం. దానికి కారణం సర్టిఫికెట్టు కాదు, మార్కుల పట్టిక.

మొత్తం మార్కులు 150. ఉత్తీర్ణతకు 100, మెరిట్‌కు 120, డిస్టింక్షన్‌కు 130 రావలెను. మూడు రచనలు వాయించవలెను; ఒక్కొక్కదానికి 30. స్కేళ్లకు, ఆర్పెజియోలకు 21, మునుపు చూడని స్వరలిపిని చూచి వాయించుటకు 21, శ్రవణ పరీక్షకు 18. ఇప్పుడు లెక్క చూడుడు. మూడు రచనలనూ లోపమన్నది లేకుండా వాయించి 90కి 90 తెచ్చుకొన్నప్పటికీ ఉత్తీర్ణతకు పది మార్కులు తక్కువే. సరదాగా నేర్చుకొనేవారు ఏడాది పొడవునా ఆ మూడు రచనలనే వాయిస్తూ ఉంటారు. తక్కిన 60 మార్కుల విద్యను ఇష్టపూర్వకంగా సాధన చేసేవారు అరుదు. ఆ సాధన చేయించునది పరీక్షయే.

స్కేళ్లను పరీక్షకుడు పేరు చెప్పగానే, పుస్తకం చూడకుండా వాయించవలెను. వయొలిన్‌కు మెట్లు లేవు. వ్రేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పును. ఇక్కడ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893-1964) వాద్యాన్ని రికార్డులపై విని ఆనందించిన చెవికి స్వరాల నడుమ జారుడు సహజము, సుందరము. స్కేలులో అదే దోషము. మన కచేరీలలో గాయకుని శ్రుతిని బట్టి తీగలు బిగింతురు. పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఏ, ఇ అను నాలుగు తీగల శ్రుతి స్థిరము. కనుక ఒక చక్కని ఉపాయమున్నది. ఏ తీగపై మూడవ వ్రేలితో డి స్వరం సరిగా పలికినప్పుడు, తాకకుండానే ప్రక్కనున్న డి తీగ కంపించి మ్రోగును. ఆ మ్రోత వినబడకున్న వ్రేలు సరిచేసుకొనవలెను. గురువు ఎదుట లేని వేళ ఇంతకంటె నమ్మకమైన సాక్షి లేడు.

చూచి వాయించుటకు ముందు అర నిమిషం వ్యవధి ఇత్తురు. ఆ వ్యవధిలో కీ ఏదో, తాళమేదో, వేగము ఎంతో నిశ్చయించుకొనవలెను. స్వరం తప్పినా ఆగరాదు. వెనుకకు పోయి దిద్దరాదు. పెద్దవారికి ఇదే కష్టము, తప్పును విడిచి ముందుకు సాగుట వారికి అలవాటు లేదు. శ్రవణ పరీక్షలో పియానోపై వినిపించిన చిన్న వాక్యాన్ని తిరిగి పాడవలసి వచ్చును. నలుగురిలో పాడని పెద్దమనుషులు ఇక్కడ సిగ్గుపడుదురు. కంఠమాధుర్యానికి మార్కులు లేవని వారు తెలిసికొనిన చాలును.

2020 నుండి వీడియో రికార్డు ద్వారా జరిగే మరొక విధమైన పరీక్ష కూడ వచ్చినది. అందులో నాలుగు రచనలు వాయించిన చాలును. స్కేళ్లు లేవు, శ్రవణ పరీక్ష లేదు. సౌకర్యమైనదే గాని, పైన చెప్పిన 60 మార్కుల విద్య అందులో దొరకదు.

5వ గ్రేడు దాటి పోదలచినవారు సంగీతశాస్త్రంలో 5వ గ్రేడు గాని, దానికి సమానమని బోర్డు అంగీకరించినది గాని ముందుగా ముగించవలెను. 6వ గ్రేడు నుండి పరీక్షాగదిలో వాద్యాన్ని ఎవరి సహాయమూ లేకుండ శ్రుతి చేసికొనవలెను. రచనలకు పియానో సహకారం కావలెను. పరీక్షకుడు వాయించడు, అభ్యర్థియే ఒకరిని వెంట తెచ్చుకొనవలెను. మన పట్టణాలలో అట్టివారు సులభంగా దొరకరు గనుక, ఫీజు చెల్లించుటకు ముందే వెదకికొనుట మంచిది.